నీటికి ఎదురుగా సైకిలు యాత్ర

ఈ శీర్షికలో రైలు వేళలు, వసతి గృహాల వివరాలు, చూడదగిన క్షేత్రాలు తెలియజేయడం పరిపాటి. ఈ మాసం టిక్కెట్టుతో పనిలేని యాత్ర ఒకటి పాఠకుల ముందు ఉంచుతున్నాము. రాయపూర్ నగరంలో ఇంటి కొళాయి తిప్పినపుడు వచ్చే నీరు ఎక్కడి నుండి వస్తున్నదో, ఆ నీరు వచ్చే దిక్కుకే సైకిలుపై నింపాదిగా వెళ్ళి చూచి రావడం దీని సారాంశం. దారిలో చెరువులున్నాయి, జలాశయాలున్నాయి, నది ఉన్నది, చివరకు అడవి ఉన్నది. ఐదారు రోజుల సెలవు, శ్రద్ధగా ఓవరాయిలింగ్ చేయించిన సైకిలు, కొంత ఓపిక ఉంటే చాలును.

సైకిలు అనగానే పెదవి విరిచేవారు మనలో లేకపోలేదు. షిఫ్టు మారే వేళ కర్మాగారం గేటు వద్ద బెల్లులు మ్రోగిస్తూ వరదవలె సాగే సైకిళ్ళను చూచినవారు పాఠకులలో ఎందరో ఉన్నారు. ఆనాటి సైకిలు షెడ్లను నేడు మోటారు సైకిళ్ళు ఆక్రమించాయి. జీతం పెరిగినకొద్దీ సైకిలు ఇంటి వెనుక గోడకు చేరింది. పేదరికానికి గుర్తుగా మిగిలింది. అయితే శాస్త్రం దీనిని తక్కువ చేసి చూడలేదు. ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయానికి చెందిన ఎస్.ఎస్.విల్సన్ 1973లో సైంటిఫిక్ అమెరికన్ పత్రికలో వ్రాస్తూ, తన బరువును తాను మోసుకొని పోవడంలో సైకిలుపై నున్న మనిషిని మించిన పొదుపరి జంతువులలోను, యంత్రాలలోను లేడని లెక్కవేసి చూపించాడు. నడకకు పట్టే శక్తిలో ఇంచుమించు ఐదవ వంతుతో అదే దూరం పోవచ్చును. గంటకు పన్నెండు కిలోమీటర్లు పోతే, దారిలో ఎదురైన మనిషి ముఖం కనిపిస్తుంది, పలకరిస్తే బదులు వినిపిస్తుంది. కారులో పోయేవారికి ఈ రెండూ లేవు.

రాయపూర్‌కు మెల్లగా వచ్చిన యాత్రికులలో అందరికంటె ప్రసిద్ధుడు ఒక పద్నాలుగేళ్ళ బాలుడు. 1877లో కలకత్తా న్యాయవాది విశ్వనాథ దత్తా పనిమీద రాయపూర్‌లో ఉండి కుటుంబాన్ని పిలిపించుకొన్నాడు. రైలు అప్పటికి నాగపూర్ వరకే. అక్కడి నుండి ఎడ్లబండిలో రెండు వారాలకు పైగా దట్టమైన అడవుల గుండా ప్రయాణం. ఆ దారిలో ఒక కొండ చీలికలో, ఎన్నో ఏళ్ళుగా తేనెటీగలు కట్టుకొన్న బ్రహ్మాండమైన తేనెపట్టును చూచి, ఆ బాలుడు ఆశ్చర్యంతో బండిలోనే ఒడలు మరచిపోయాడట. ఆయనే తరువాతి కాలంలో వివేకానందస్వామి. ఈ సంగతి ఆయన జీవిత చరిత్రలన్నిటిలోను ఉన్నది. అదే దూరాన్ని నేటి రైలు కొద్ది గంటలలో దాటిస్తుంది. తేనెపట్లు ఇప్పటికీ ఉండే ఉంటాయి, మన కంట పడవు, అంతే.

ఆ బాలుడు రెండేళ్ళు గడిపిన పట్టణంలో బూఢా తాలాబ్ అనే పెద్ద చెరువు ఉన్నది. దానికే నేడు వివేకానంద సరోవరమని పేరు. నడుమ స్వామి విగ్రహం నిలిపారు. మన యాత్ర ఇక్కడ మొదలు పెట్టడం సబబు. నగరానికి తూర్పున తేలీబాంధా చెరువు మరొకటి. ఛత్తీస్‌గఢ్‌లో ఊరికొక చెరువు అంటే చాలదు. కొన్ని ఊళ్ళలో స్నానానికి ఒకటి, పశువులకు ఒకటి, పొలానికి ఒకటి. ఫిన్లాండు దేశంలో లక్షా ఎనభై వేలకు పైగా సరస్సులున్నాయని, వాటి ఒడ్డున సైకిలు యాత్రలు చేయడం అక్కడివారికి వేసవి ఆచారమని చదువుతాము. అవి మంచుయుగం ముగిసినపుడు హిమానీనదాలు వదలిపోయిన సరస్సులు. ఇక్కడివి మనుషులు గంపలతో మట్టి మోసి కట్టినవి. ఓరుగల్లు, పాకాల, రామప్ప చెరువులను ఎరిగిన తెలుగువారికి ఈ తేడా విడమరచి చెప్పనక్కరలేదు. కాకతీయుల వంశంవాడని చెప్పే అన్నమదేవుడు ఇక్కడికి దక్షిణాన బస్తరులో రాజ్యం నెలకొల్పాడు. జగదల్‌పూర్‌లోని దల్‌పత్ సాగరం ఆ వంశంవారి చెరువే.

రాయపూర్ తాగేది ఖారూన్ నది నీరు. ఆ నది చిన్నది. ఎండలు ముదిరితే సరిపోదు. అపుడు సుమారు 90 కిలోమీటర్ల దూరాన, ధమ్‌తరీకి అవతల మహానదిపై నున్న గంగ్రేల్ జలాశయం నుండి కాలువ ద్వారా నీరు వదలుతారు. భిలాయ్ ఉక్కు కర్మాగారానికి పోయే నీటిలోను గంగ్రేల్ వాటా ఉన్నది. మన యాత్రకు గమ్యం ఆ జలాశయమే.

నేరుగా ధమ్‌తరీకి పోయే జాతీయ రహదారి 30వ నంబరుది. అదే దారి జగదల్‌పూర్, కోంటా, భద్రాచలం, కొత్తగూడెం మీదుగా విజయవాడ దాపునకు చేరుతుంది. కనుక ఆ రహదారిపై కాలు మోపగానే ఇల్లు చేరిపోతున్నట్లు కొందరికి తోచవచ్చును. అయినా సైకిలుకు అది తగదు. లారీల ఒత్తిడి ఎక్కువ. నవ రాయపూర్ వెడల్పాటి రోడ్ల గుండా, ఉదయం ఐదున్నరకే బయలుదేరి, అభన్‌పూర్ చేరడం మేలు. 1900లో మొదలైన చిన్న రైలు ఒకటి రాయపూర్ నుండి ధమ్‌తరీకి, అభన్‌పూర్ వద్ద చీలి రాజిమ్‌కు శతాబ్దానికి పైగా నడిచింది. దాని వేగం కూడా ఇంచుమించు మన సైకిలు వేగమేనని పెద్దలు హాస్యమాడేవారు. నగరంలో ఆ పట్టాల చోట నేడు రోడ్డు వచ్చింది. 2025లో రాయపూర్, అభన్‌పూర్‌ల మధ్య బ్రాడ్‌గేజి రైలు మొదలైంది. రైల్వే మాట వచ్చింది కనుక ఒకటి చెప్పాలి. విజయనగరం, రాయపూర్ లైను పూర్తయినది 1931లో. ఉత్తరాంధ్ర నుండి ఎన్నో కుటుంబాలు ఈ సీమకు చేరుకొన్నది ఆ దారినే.

మొదటి రోజు మజిలీ రాజిమ్. రాయపూర్‌కు 45 కిలోమీటర్లు. మహానది, పైరీ, సోంఢూర్ నదులు కలిసే చోటు ఇది. ఒడ్డున రాజీవలోచన స్వామి ఆలయం, నది నడుమ ఎత్తైన అరుగుపై కులేశ్వర మహాదేవుని గుడి. మాఘ పూర్ణిమ నుండి శివరాత్రి వరకు తిరునాళ్ళు. ఆ రోజులలో బస దొరకదు. ప్రశాంతత కోరేవారు తప్పుకోవడం మంచిది. శీతకాలంలో నీరు సన్నగిల్లి ఇసుక మేటలు బయటపడతాయి. సాయంకాలం ఇసుకలో కూర్చొని ఎదుటి ఒడ్డు చూస్తూ ఉంటే, ఇక్కడి నీరే హీరాకుడ్ దాటి, ఒడిశా పొడవునా పారి, మన బంగాళాఖాతంలోనే కలుస్తుందని గుర్తుకు వస్తుంది.

రెండవ రోజును తొందరలో దాటవేయవద్దని పాఠకులకు మా మనవి. రాజిమ్‌కు సుమారు 15 కిలోమీటర్లలో చంపారణ్యం ఉన్నది. గుజరాతు, రాజస్థాను, ముంబాయిల నుండి వేలాది భక్తులు వచ్చే క్షేత్రం. పుష్టిమార్గ ప్రవర్తకుడైన వల్లభాచార్యులు 1479లో పుట్టిన చోటు. ఆయన తల్లిదండ్రులు లక్ష్మణభట్టు, ఇల్లమ్మ. తెలుగువారు, వెలనాటి వైదికులు. కాశీలో దండయాత్రల భయం పుట్టి, స్వదేశానికి కాలినడకన వస్తూ ఉండగా, ఈ అడవిలో ఇల్లమ్మకు నెలలు నిండకుండానే కాన్పు అయినది. శిశువులో చలనం లేకపోగా, బట్టలో చుట్టి ఒక జమ్మిచెట్టు తొర్రలో ఉంచి, దుఃఖంతో ముందుకు సాగిపోయారు. కాశీలో కల్లోలం తగ్గినదని తెలిసి మళ్ళీ అదే దారిన వెనుకకు రాగా, చుట్టూ అగ్ని వలయం రక్షగా ఉండగా బాలుడు ఆడుకొంటూ కనిపించాడని సంప్రదాయ కథ. అగ్ని మాట భక్తుల విశ్వాసం. నెలలు నిండని గర్భిణి అడవి దారిలో పడిన పాటు మాత్రం ఏ విశ్వాసమూ అక్కరలేని సత్యం. ఆ దారిలోనే సైకిలు దిగి, నీడన కూర్చొని, సీసాలో నీరు త్రాగుతున్నపుడు ఇల్లమ్మ గుర్తుకు వస్తే, కథ మరొక విధంగా అర్థమవుతుంది.

ఆలయం చుట్టూ ఉన్న చెట్లను కొట్టరాదన్న నియమం ఇక్కడివారు పాటిస్తారు. అందువల్ల చుట్టుపట్ల పొలాలు విస్తరించినా, ఇంత మేరకు వనం నిలిచి ఉన్నది. మన తెలుగు యాత్రికులు ఇక్కడ అరుదు. గుజరాతీలో, హిందీలో, వ్రజభాషలో ఆయన కీర్తనలు వినిపించే చోట, ఆయన ఇంటి భాష మాట్లాడేవారు కనబడకపోవడం కొంచెం చిన్నబుచ్చుతుంది. రాయపూర్‌లోను, భిలాయ్‌లోను ఏళ్ళ తరబడి ఉండి, ఈ చోటు పేరైనా విననివారు ఉన్నారు.

మూడవ రోజు రాజిమ్ నుండి పల్లెదారులు పట్టి, కురుద్ మీదుగా ధమ్‌తరీ చేరాలి. ఇదంతా వరి సీమ. నవంబరులో వెళితే కోతలు, కుప్పలు, కళ్ళాలు. దారి అడగడానికి భాష అడ్డురాదు; "జై జోహార్" అంటే చాలును, మిగిలినది వారే చెబుతారు. బడి వేళకు యూనిఫారాలు ధరించిన ఆడపిల్లలు గుంపులుగా సైకిళ్ళపై ఎదురవుతారు. ప్రభుత్వం సరస్వతీ సైకిల్ యోజన పేరిట తొమ్మిదవ తరగతి బాలికలకు ఉచితంగా ఇచ్చినవి వాటిలో చాలా ఉంటాయి. సైకిలు ఎందుకు అని పెదవి విరిచే మన ఇళ్ళలోని పిల్లలకు, దూరపు ఊరి బడిని దగ్గర చేసిన ఈ సైకిళ్ళను చూపించవచ్చును. హోటలు భోజనం మీద ఆధారపడనక్కరలేదు. బియ్యపు పిండితో పోసే చీలా మన అట్టుకు చెల్లెలు. రాత్రి అన్నంలో నీరు పోసి ఉదయం తినే బోరే బాసీ మన చద్దన్నమే; 2022 మే 1న, కార్మిక దినాన, రాష్ట్రమంతటా దీనిని తినవలసిందిగా అప్పటి ముఖ్యమంత్రి పిలుపునిచ్చారు. ఎండలో సైకిలు తొక్కేవారికి దీనిని మించిన ఫలహారం లేదు.

ఈ పొలాలకు నీరిచ్చే కాలువల వెనుక ఒక పోరాటం ఉన్నది. 1920లో ధమ్‌తరీ సమీపంలోని కండేల్ గ్రామ రైతులు కాలువ నీరు దొంగిలించారని ఆరోపించి, నాటి అధికారులు పన్ను, జరిమానా విధించారు. రైతులు చెల్లించలేదు. పశువులను జప్తు చేసి సంతలకు తోలుకొనిపోయారు. ఏ సంతలోను ఒక్కరు కూడా పాట పాడలేదు. మేత లేక పశువులు చిక్కిపోయి అధికారులకే బరువైనాయి. బాబూ ఛోటేలాల్ శ్రీవాస్తవ, పండిత సుందర్‌లాల్ శర్మ ఈ ఉద్యమానికి నాయకులు. గాంధీజీని ఈ సీమకు మొదటిసారి రప్పించినది ఈ సత్యాగ్రహమేనని ఇక్కడివారు చెప్పుకొంటారు. ప్రభుత్వం చివరకు వెనుకకు తగ్గింది. మన చీరాల పేరాల, పెదనందిపాడు పన్నుల నిరాకరణ ఉద్యమాలు కూడా ఆ రోజులవే.

ధమ్‌తరీ నుండి ఐదారు కిలోమీటర్లలో రుద్రీ. కాలువలు బయలుదేరేది ఇక్కడే. మరికొంత దూరం ఎక్కితే గంగ్రేల్. 1978-79 నాటికి పూర్తయిన ఈ ఆనకట్టకు మధ్యప్రదేశ్ మొదటి ముఖ్యమంత్రి పండిత రవిశంకర్ శుక్లా పేరు పెట్టారు. పద్నాలుగు గేట్లు, సుమారు 32 టి.యం.సి.ల నిలువ. కట్ట మీదికి వచ్చి ఒక్కసారిగా అటు చూస్తే, అంతవరకు వరి మడుల వెంట వచ్చిన కంటికి అంత నీటిని చూడడం కొత్త. వెనుక కొండలు, వాటిపై అడవి. పడవ విహారం, కుటీరాలు ఉన్నాయి. సెలవు దినాలలో జనసమ్మర్దమూ ఉన్నది. వాటి ప్రస్తావన ప్రకటనలలో కావలసినంత దొరుకుతుంది.

ఒడ్డున నున్న అంగార్‌మోతీ అమ్మవారి గుడి సంగతి మాత్రం చెప్పాలి. ఆ దేవత మొదట ఇక్కడ లేదు. ముంపులోకి పోయిన ఊళ్ళలో ఒకదాని దేవత. నీరు నిండినపుడు ఊరివారు అమ్మవారిని తెచ్చి గట్టున నిలుపుకొన్నారు. దీపావళి తరువాతి శుక్రవారం ఇక్కడ జరిగే మడఈ జాతరకు చుట్టుపట్ల గ్రామాల దేవతలు ధ్వజాలతో తరలివస్తారు. దేవతకు గట్టు దొరికింది కాని, మనుషులందరికీ అంత త్వరగా దొరకలేదు. ఎన్నో గ్రామాలవారు చెల్లాచెదరైనారు. తగిన పునరావాసం కోసం దశాబ్దాల పాటు న్యాయస్థానాల మెట్లు ఎక్కారు. శ్రీశైలం జలాశయం నిండినపుడు కూడలి సంగమేశ్వరుని గుడిని రాయి రాయిగా విప్పి అలంపురానికి చేర్చిన సంగతి మనవారికి తెలుసు. ఆ ముంపు ఊళ్ళవారు ఎక్కడెక్కడికి చేరారో అందరికీ తెలియదు. కర్మాగారాలకు, ఆనకట్టలకు భూములిచ్చిన కుటుంబాల నుండి వచ్చిన ఉద్యోగులు ప్రభుత్వ రంగ సంస్థలలో ఎందరో ఉన్నారు. వారికి గంగ్రేల్ నీటి అడుగున ఏమున్నదో వేరుగా చెప్పనవసరం లేదు. కట్టపై సైకిలు ఆపి నిలిచినపుడు పిల్లలు "ఎంత నీరు!" అంటారు. అపుడు ఈ సంగతి కూడా వారికి చెప్పడం ధర్మం.

ఇంజనీరింగు విభాగాల మిత్రులకు గంగ్రేల్ కంటె మురుంసిల్లీ ఎక్కువ ఇష్టమవుతుంది. మహానదిలో కలిసే సిలారీ నదిపై 1914, 1923 సంవత్సరాల నడుమ కట్టిన మట్టి కట్ట ఇది. పంతొమ్మిదవ శతాబ్ది చివర వరుస కరవులు ఈ సీమను పీల్చి పిప్పి చేశాయి. ఇటువంటి జలాశయాల ఆలోచన ఆ కాలపు గాయాల నుండి పుట్టినదే. దీని విశేషం సైఫన్ కలుజు. నీటిమట్టం ఒక హద్దు దాటగానే వంపు గొట్టాలలోని గాలిని నీరే వెలికి లాగుకొనిపోతుంది. వెంటనే ధార పట్టి, మట్టం తగ్గి గాలి చొరబడే వరకు దుమికి, దానంతట అదే ఆగుతుంది. గేటు ఎత్తే మనిషి లేడు, మోటారు లేదు, కరెంటు లేదు. అర్ధరాత్రి వరద వచ్చినా కాపలావాడిని నిద్ర లేపనక్కరలేదు. నూరేళ్ళు దాటిన ఈ ఏర్పాటును కట్ట మీద నిలబడి చూస్తే, తమ తమ విభాగాలలో మాటిమాటికి మొరాయించే కొత్త యంత్రాలు కొందరికి జ్ఞాపకం రావచ్చును.

మురుంసిల్లీ దారిలోనే అడవి చిక్కబడుతుంది. గుగ్గిలం, టేకు, నల్లమద్ది, మోదుగ, తునికి, ఇప్ప చెట్లు. ఫాల్గుణంలో వెళితే మోదుగులు పూసి ఉంటాయి. చైత్రంలో తెల్లవారకముందే బుట్టలు పట్టుకొని ఇప్పపూలు ఏరుకొనే స్త్రీలు, పిల్లలు కనిపిస్తారు. వేసవి ముదిరాక తునికాకు సేకరణ. అడవి వారికి విహార స్థలం కాదు, పని స్థలం. వారి ఫోటోలు తీయదలచినవారు ముందుగా అనుమతి అడగాలి. ఏరుతున్న చెట్టు కింద సైకిళ్ళు నిలిపి పూలు త్రొక్కరాదు.

జాగ్రత్తలలో అన్నిటికంటె ముఖ్యమైనది ఏనుగుల విషయం. కొన్నేళ్ళుగా ధమ్‌తరీ, గరియాబంద్ అడవులలో ఏనుగుల మందలు తిరుగుతున్నాయి. మనుషుల ప్రాణాలు పోయిన ఘటనలు జరిగాయి. సైకిలు చప్పుడు చేయదు కనుక మలుపులో ఏనుగు ఎదురయ్యేవరకు దానికి మన రాక, మనకు దాని ఉనికి తెలియదు. సూర్యుడు బాగా పైకి వచ్చాకనే అడవి దారి పట్టాలి. మూడు గంటలకు వెనుకకు తిరగాలి. బయలుదేరే ముందు అటవీ సిబ్బందిని, ఊరివారిని విచారించాలి. వారు వద్దన్న దినం మారు మాట లేక ఆగిపోవాలి. ఒంటరిగా పోరాదు. ఉదంతీ-సీతానదీ పులుల అభయారణ్యం ఈ ప్రాంతానికి దక్షిణాన, తూర్పున వ్యాపించి ఉన్నది. అనుమతి లేక అందులోకి సైకిలు తోలరాదు.

తక్కిన సరంజామా స్వల్పం. గేర్ల సైకిలు లేకపోయినా సాగుతుంది. బ్రేకు రబ్బర్లు, గొలుసు, టైర్లు బాగుండాలి. ఒక ట్యూబు, పంపు, పంక్చరు సామాను, రెండు పానాలు. క్యారియరుపై బరువు రెండు వైపులా సమంగా సర్దాలి. తలకు హెల్మెట్టు, వెనుక ఎర్ర లైటు. నవంబరు నుండి ఫిబ్రవరి వరకు అనుకూలమైన కాలం. మే మాసంలో ఎండ 45 డిగ్రీలకు పోతుంది, ఆ సాహసం వద్దు. మొదటిసారి వెళ్ళేవారు రోజుకు 40, 50 కిలోమీటర్లకు మించి పెట్టుకోరాదు. పదేళ్ళ లోపు పిల్లలున్నవారు బస్సులో ధమ్‌తరీ వరకు వచ్చి, అక్కడి నుండి రుద్రీ, గంగ్రేల్ మాత్రం సైకిళ్ళపై చూడవచ్చును. మోకాళ్ళ నొప్పులు, గుండె జబ్బు ఉన్నవారు డాక్టరును అడిగిన తరువాతనే బయలుదేరాలి.

ఇంకా రెండు రోజులు సెలవున్నవారికి దారి ముగియలేదు. ధమ్‌తరీ నుండి నగరీ మీదుగా దక్షిణానికి పోతే సిహావా కొండలు వస్తాయి. మహానది పుట్టినది అక్కడే. కొండపై శృంగి ఋషి ఆశ్రమమున్నది. దశరథుని చేత పుత్రకామేష్టి చేయించిన ఋష్యశృంగుడు ఆయనేనని స్థానికుల నమ్మకం. రాజిమ్ వద్ద ఆవలి ఒడ్డు దూరాన కనబడిన నది, గంగ్రేల్‌లో కొండల మధ్య సముద్రమై నిలిచిన నది, ఇక్కడ ఒక చిన్న నీటిగుంట. పక్కనే ఎవరో బిందె ముంచుకొంటూ ఉంటారు. తిరుగు ప్రయాణానికి నగరీలో సైకిళ్ళను బస్సు పైకప్పుకు త్రాళ్ళతో కట్టించుకొని ధమ్‌తరీకి రావచ్చును. కండక్టరుతో ముందుగా మాట్లాడుకోవాలి, హ్యాండిళ్ళకు గోనెపట్టా చుట్టాలి.